దారుప్రతిమలందు వర్ణౌచిత్యము: పేద్రో ద మేనా శిల్పవిమర్శ

శిల్పమునకు రంగు పూయుట గుణమా, దోషమా యను ప్రశ్న యూరపుఖండపు విమర్శకులను రెండు శతాబ్దులకుఁ బైగా బాధించినది. ప్రతిమ యన్నది తెల్లని రాతిలో నుండవలెననియు, దానికి వర్ణము తగిలించినచో నది శిల్పత్వమును గోల్పోయి కొలువులోని బొమ్మ యగుననియుఁ బెక్కండ్రు పండితులు తలంచిరి. 1764వ సంవత్సరమున జర్మను పండితుఁడగు వింకెల్మను ప్రాచీనకళాచరిత్రమును బ్రకటించిన పిదప నీ యభిప్రాయము పాఠశాలలకెక్కి స్థిరపడినది. ప్రాచీనగ్రీకులు తమ పాలఱాతి విగ్రహములకు రంగులు వేసిరని నేఁడు నిర్వివాదముగఁ దెలిసినది. మూలాధారము కూలినది, అభిరుచి మాత్రము కూలలేదు.

ఈ దురభిప్రాయమువలన మిక్కిలి నష్టపడినవి 17వ శతాబ్దపు స్పెయినుదేశపు దారుప్రతిమలు. వానిని గూర్చి వ్రాసినవారిలో నొకవర్గము పామరజనరంజకములని త్రోసివేసినది. మఱియొకవర్గము 'అచ్చముగ మనుష్యునివలెనే యున్నది' యని మెచ్చుకొని యూరకున్నది. ఈ రెండవ మెప్పు మొదటి నిందకంటె నెక్కువ యపకారము చేసినదని నా తలంపు. నిజమువలె నుండుటయే గొప్పతనమైనచో నద్దములోని నీడను మించిన శిల్పము లేదు.

ఒక్క శిల్పియే, కొలఁది సంవత్సరముల వ్యవధిలో, రంగులేని దారువునందును రంగువేసిన దారువునందును నొకే జాతి ప్రతిమలను జెక్కియున్నచో నీ వివాదమును దీర్చుకొనుటకు మనకొక సాధనము దొరకినట్లే. అట్టి శిల్పి పేద్రో ద మేనా. ఇతఁడు 1628లో గ్రనాడా నగరమున జన్మించెను. తండ్రి అలోన్సో ద మేనాయుఁ బ్రతిమాశిల్పియే. 1646లో తండ్రి గతింపఁగాఁ బదునెనిమిదేండ్ల ప్రాయమున నింటి కర్మశాల యీతని చేతికి వచ్చెను. 1652లో అలోన్సో కానో మాడ్రిడునుండి గ్రనాడాకు మరలివచ్చెను. చిత్రలేఖనము, శిల్పము, వాస్తువిద్య యను మూఁడును గానో యొక్కనియందే నెలకొనియుండెను. మేనా తనకుఁ గర్మశాల యుండఁగనే యాతనికి శిష్యప్రాయుఁడై యాతని పనులలోఁ జేయి కలిపెను. ఒక వృత్తిలో యజమానుఁడై కూర్చున్నవాఁడు మరల నొరులయొద్ద నేర్చుకొనఁబూనుట యేదేశమునను నరుదుగదా. ఈ రెండవ విద్యాభ్యాసమే మేనాను తండ్రికి మించినవానిఁగాఁ జేసినది.

విమర్శకుఁ బూర్వము పని జరుగు విధమును గొంత తెలిసికొనవలెను. స్పెయినుశిల్పులు దేవదారువును, సరళవృక్షపుఁ గఱ్ఱను నెక్కువగా వాడిరి. పెద్ద ప్రతిమ యొక్క దుంగలో వచ్చునది కాదు. పెక్కు పలకలను జిగురుతో నతికి దిమ్మను సిద్ధపఱిచి చెక్కుదురు. కఱ్ఱ యెండి పగులకుండుటకై లోపల డొల్లగాఁ దొలుతురు. కన్నులు గాజువైనచో ముఖము ముందుభాగమును ముసుఁగువలె వేఱుచేసి, వెనుకనుండి కన్నులను నమర్చి, మరల నతికింతురు. మన ప్రతిమాప్రతిష్ఠలో నయనోన్మీలనము కడపటి క్రియ. అక్కడఁ గన్నులు ముందు, వర్ణము పిదప. తరువాత జిగురును సుద్దను గలిపిన పూఁత పలుమాఱులు పూసి, నునుపుచేసి, దానిపై మాంసవర్ణమును నూనెరంగులతో వేయుదురు. వస్త్రభాగములయం దెఱ్ఱమన్ను పూఁతమీఁద బంగారపు ఱేకు నంటించి, దానిపై రంగు వేసి, సన్నని పుల్లతో గీఁకి యడుగునున్న బంగారము కనఁబడునట్లు జరీపనిని దలఁపించుటయుఁ గలదు.

సెవిల్ నగరమున నీ రెండు పనులును రెండు వృత్తులవారివి. చెక్కువాఁడు రంగు వేయరాదు. రంగు వేయువాఁడు చెక్కరాదు. ఎవ్వఁడే పరీక్షలోఁ గృతార్థుఁడైనాఁడో యా పనియే వాఁడు చేయవలెను. ఈ కట్టుబాటుమీఁద 1622లో నొక వ్యాజ్యము పుట్టినది. ఆకాలపు శిల్పులలో నగ్రగణ్యుఁడగు హువాన్ మార్తినేస్ మోంతన్యేస్ ఒక సన్యాసినీమఠపు బలిపీఠపు పనిని, చెక్కడమును రంగును గూడఁ దానే యొప్పుకొని, రంగుపనిని మఱియొకనికిఁ దక్కువ వంతుకు నప్పగించెను. దానిపై ఫ్రాంసిస్కో పచేకో యను చిత్రకారుఁడు కినిసి చిత్రకారులకొక విజ్ఞాపనపత్రమును వ్రాసెను. ఈ పచేకో విఖ్యాతుఁడైన వెలాస్కెస్సునకు గురువును, మామయును. 1644లో నితఁడు మరణింపఁగా, నీతని చిత్రకళాశాస్త్రగ్రంథము 1649లో ముద్రితమైనది. మాంసవర్ణము మెఱయునట్లు గాక మందకాంతితో నుండవలెనని యీతని సిద్ధాంతము. మెఱుఁగుపెట్టిన ముఖముపై దీపము పడినప్పుడు తళుకే కనఁబడును గాని ముఖము కనఁబడదు. ఇది చేతిపని యెఱిఁగినవాని మాట.

వ్యాజ్యమున న్యాయము పచేకోదే. అయినను జెక్కిన ప్రతిమకుఁ బ్రాణము పోయునది రంగే యను నాతని వాదమును మాత్ర మంగీకరింపఁజాలము. వీరిద్దఱును గలిసి చేసిన పనియే దానికిఁ బ్రత్యుత్తరము. సెవిల్ మహాదేవాలయమున మోంతన్యేస్ 1603 మొదలు 1606 వఱకుఁ జెక్కిన సిలువప్రతిమ యున్నది. దాని వర్ణము పచేకోదని పండితుల నిర్ణయము. పనిచేయించిన మతాధికారి యొప్పందములోనే యొక నియమమును వ్రాయించెను: క్రీస్తు మరణమునకుఁ బూర్వపు స్థితిలో నుండవలెను, పాదములకడ మోఁకరిల్లి ప్రార్థించువానివంకఁ జూచి యాతనితో మాటలాడుచున్నట్లుండవలెను. కనుక నా చూపు రెండు చేతుల సృష్టి. శిరస్సు వంపు శిల్పిది, కనుపాప చిత్రకారునిది. శిరస్సు వంగకున్నచోఁ గనుపాప దిక్కులేక తిరుగును. కనుపాప లేకున్నచో వంగిన శిరస్సు నిద్రించువాని శిరస్సు. శబ్దార్థములు పరస్పరస్పర్ధతో, నొకటి తక్కువగాక యొకటి యెక్కువగాక యుండుటయే సాహిత్యమని కుంతకుఁడు చెప్పిన లక్షణమున కింతకంటె మంచి యుదాహరణము మన కావ్యములయందును సులభముగ దొరకదు. శబ్దమునకు నర్థమునకు నేది ప్రాణమని యడిగినవానికి జవాబు లేదు, ప్రశ్నయే తప్పు.

ఇఁక గానపీఠముల సంగతి. మహాదేవాలయములందు మతగురువులు దినమున కాయా వేళలఁ గూడి స్తోత్రములు పాడుటకై రెండు వరుసలుగ నభిముఖముగ నేర్పఱిచిన కొయ్య పీఠములకు నేనీ పేరు పెట్టితిని. స్పెయినులో నీ గానస్థానము దేవాలయపు నడిమి భాగముననే గోడలతో నావరింపఁబడి, గుడిలో గుడివలె నుండును. పై వరుస పెద్దలకు, క్రింది వరుస తక్కువ హోదావారికి. స్తోత్రకాలమునఁ జాలసేపు నిలువవలసియుండుటచే, మడిచిన పీఠమున కడుగున నానుకొనుటకొక చిన్న మెట్టు నమర్చిరి. దాని పేరునకు వారి భాషలో దయ యని యర్థము. ముసలివారిమీఁది కనికరము వడ్రంగపు పనిలోఁ బేరుగా నిలిచిపోవుట ముచ్చటగా నున్నది.

ఈ పీఠములమీఁది చెక్కడమునకు దీర్ఘమైన చరిత్ర కలదు. టొలీడో మహాదేవాలయపు క్రింది వరుసయందు రొద్రిగో అలెమాన్ 1489-1495 సంవత్సరముల నడుమ గ్రనాడా యుద్ధఘట్టములను 54 పలకలమీఁదఁ జెక్కెను. పై వరుసను 1539-1542 లలో అలోన్సో బెర్రుగేతేయు ఫెలిపే విగార్నీయుఁ బోటీపడి తీర్చిరి. తరువాత 1563లో త్రెంతు మహాసభ విగ్రహములను గూర్చి తన నిర్ణయమును బ్రకటించెను. విగ్రహమునకుఁ జేయు గౌరవము విగ్రహమునకు గాక యది సూచించువానికే చెందుననియు, విగ్రహములు జనులకు బోధకములు కావలెననియు దాని సారాంశము. యుద్ధకథలకు మాఱుగాఁ బునీతుల వరుసలు గానపీఠముల వెనుకపలకలను బూర్తిగ నాక్రమించుటకు నీ నిర్ణయము తోడ్పడినది.

మాలగా మహాదేవాలయమున గానపీఠముల పని లూయీస్ ఓర్తీస్ ద వర్గాస్ చేత 1633లో నారంభమైనది. హొసే మికాయెల్ అల్ఫారో కొన్ని ప్రతిమలను జెక్కెను. పని నడుమ నిలిచిపోయెను. 1658లో మిగిలినవానిని మేనా యొప్పుకొని గ్రనాడానుండి మాలగా చేరి, 1662 నాఁటికి ముగించెను. సుమారు నలువదిమంది పునీతులు నాలుగేండ్లలోఁ దయారైరి. ఇందు శిష్యుల చేయి తప్పక యుండును. కొన్ని యుడుపుల మడతలు కొన్నిచోట్ల వల్లెవేసిన పాఠములవలె మరల మరల వచ్చుటయుఁ గలదు. దానిని దాఁచి పొగడుట విమర్శ కాదు.

కాని మంచివి మిక్కిలి మంచివి. ఈ ప్రతిమలకు వర్ణము లేదు. పలకనుండి ముప్పాతిక మేర వెలికివచ్చి నిలిచియుండును. కఱ్ఱ తన సహజమైన కపిలవర్ణముతోనే యున్నది. ముదుసలి, యువకుఁడు, పీఠాధిపతి, విరాగి, గ్రంథకర్త, హతసాక్షి యనువారి భేదమంతయు నిలువుననే చూపవలసివచ్చినది. ఇచ్చట భరతుని సాత్త్వికభావములను స్మరింపుఁడు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము నని యెనిమిది. వీనిలో రంగులేని దారువునకుఁ బూర్తిగ లొంగునది స్తంభమొక్కటియే. ప్రలయము కొంత లొంగును. వైవర్ణ్యము సర్వథా లొంగదు. ఉన్నచోటనే స్తంభించిన మనుష్యుని జూపుటలో మేనాకు సమానులు కొలఁదిమంది. మాలగాలోని పునీతులలోఁ బెక్కండ్రు ఏదో చేయఁబోయి నడుమనాగినవారు. చదువుచున్న గ్రంథమునుండి తలయెత్తినవాఁడు ఏమి వినెనో మనకుఁ గనఁబడదు. వినుట మాత్రము కనఁబడును. మెడ నరములు, భుజము వంపు, ఒక ప్రక్కకు లాగఁబడిన వస్త్రము, ఇవియే యాతని సామగ్రి.

ఇందొక స్థానౌచిత్యమును గలదు. పీఠమునఁ గూర్చున్నవాఁడు తన వెనుకనున్న పునీతుని జూడఁడు. ఎదుటివరుసవారి వెనుకనున్నవానిని జూచును. ఎదుటనున్నవి రెండు వరుసలు: క్రిందఁ బాడుచున్న మనుష్యులు, పైన మౌనముగ నున్న పునీతులు. పైవారికిఁ గూడ మాంసవర్ణమును, గాజుకన్నులును నుండినచో నలువది జతల కన్నులు ప్రార్థించువానిమీఁదఁ బడి స్తోత్రము సాగనీయవు. రంగు మానుట ధనలోపమువలనఁ గాదు. పీఠము కొయ్య, గోడ కొయ్య, పునీతుఁడు కొయ్య యను నేకత్వమువలన.

ఈ పని ముగించిన మరుసటి యేఁడే, 1663లో, మేనా టొలీడో మహాదేవాలయమునకు శిల్పిగ నియుక్తుఁడయ్యెను. ఆ దేవాలయమున నున్న పునీత ఫ్రాన్సిస్ ప్రతిమ యా కాలపుదే. చిరకాలము దీనిని గానో పనియని భ్రమించిరి. నికొలస్ అయిదవ పోపు 1449లో అసీసీ నగరపు భూగృహమున ఫ్రాన్సిస్ సమాధిని జూడఁబోఁగా, నాతని మృతదేహము కన్నులు తెఱచి పైకిఁ జూచుచు నిలువుననే యుండెనని యొక కథ కలదు. శిల్పి యెన్నుకొన్న విషయ మది. చచ్చినవాఁడు నిలిచియుండవలెను, నిలిచియుండియు బ్రదికినవానివలె నుండరాదు, చూపు మాత్రము సజీవమై యుండవలెను. ఇట్టి విషయమునకు రంగులేని దారువు చాలునా? చాలదు. ఇచ్చటఁ గావలసినది వైవర్ణ్యమే.

అయినను మేనా రంగును బొందినవెంటనే మఱియొకదానిని విడిచెను. ఫ్రాన్సిస్ చేతులు రెండును నంగరకా చేతులలో దాఁగియున్నవి. శరీరమంతయు ముతకబట్టలో మునిఁగియున్నది. మాలగాలో నభినయమును మోసిన చేతులు, భుజములు నిచ్చట లేవు. మిగిలినది పైకెత్తిన ముఖము. ఆ ముఖమునఁ బాండువర్ణము, కొంచెము తెఱచిన నోట దంతపు పలువరుస, గాజుకన్నులు. అతుకులు వేసిన యంగరకా వర్ణమును బూడిదకును గఱ్ఱకును నడుమనే నిలిచినది. కొత్త యనుభావ మొకటి వచ్చినప్పుడు పాత యనుభావములను దగ్గించుట యెఱిఁగినవాఁడే కవి. మన ప్రబంధములయందు నాయిక కొక్కమాఱే స్వేదమును, రోమాంచమును, గద్గదస్వరమును, గన్నీటిని నంటఁగట్టు పద్యములను జదివి విసిగినవారి కీ ప్రతిమ విలువ వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

'గాజుకన్నులు, దంతపు పండ్లు నెందుకు? ఇవి భ్రాంతి కలిగించు నుపాయములు గావా?' యని యడుగవచ్చును. ఇది గట్టి యాక్షేపమే. శ్రీశంకుకుని చిత్రతురగన్యాయమును బట్టి యాలోచింతము. చిత్తరువులోని గుఱ్ఱమును జూచి గుఱ్ఱమనుకొనుట సత్యజ్ఞానము కాదు, మిథ్యాజ్ఞానము కాదు, సంశయము కాదు, సాదృశ్యజ్ఞానమును గాదు. ఆ విలక్షణప్రతీతి నిలిచినంతవఱకే రసమునకుఁ జోటు. గుఱ్ఱము నిజమే యని నమ్మి గడ్డి వేయఁబోయినవాఁడు సహృదయుఁడు కాఁడు. మేనా యీ ప్రతీతిని గాపాడుటకుఁ దీసికొన్న జాగ్రత్తను జూడుఁడు. ఫ్రాన్సిస్ ప్రతిమ మనుష్యప్రమాణములో సుమారు సగమే. అంత చిన్నవానిని జూచి యెవ్వఁడును నిజమైన మనుష్యుఁడని మోసపోఁడు. 1664 నాఁటి మగ్దలేనే మరియ ప్రతిమ మనుష్యప్రమాణము గలది. ఎడమచేతిలోని సిలువప్రతిమను జూచుచుఁ గుడిచేతిని గుండెపైఁ జేర్చి నిలిచినది. ఆమె ధరించినది ముతక చాపవంటి యుడుపు. నిజమైన చాపను దెచ్చి కట్టుట శిల్పికి గడియపని. అట్లుచేయక యొక్కొక్క పోగును నులితోఁ జెక్కెను. చూచువాఁడు ముందు చాప యనుకొనును, వెంటనే కొయ్య యని తెలిసికొనును. ఆ తెలివి యామె దుఃఖమును దగ్గింపదు; దానిని మన యింటి దుఃఖము కాకుండఁ జేసి చూడనిచ్చును. భట్టనాయకుఁడు సాధారణీకరణ మన్న దిదియే.

ఫ్రాన్సిస్ నడుమున నున్నది మాత్రము నిజమైన త్రాడు. ఈ త్రాడొకటి నా వాదమున కడ్డుతగులునని యొప్పుకొందును. దానిని సమర్థింపఁబూనను.

హద్దు దాఁటినవా రెవ్వరు? వల్యదొలీద్ నగరపు గ్రెగోరియో ఫెర్నాండెస్ మహాశిల్పి. 1576లో జన్మించి 1636లో మరణించెను. శయనించియున్న మృతక్రీస్తు ప్రతిమలు పెక్కింటిని జేసెను. వానిలో గాయములకు బెండును, గోళ్ళకుఁ గొమ్మును, పండ్లకు దంతమును వాడుటయుఁ గలదు. ఫెర్నాండెస్ చేతిలో నివి యడఁగియుండును. ప్రక్కకు వాలిన యా శిరస్సు బరువే మనలను లోఁగొనును. అనుకర్తల చేతిలో రక్తము పెరిగి, శిరస్సు బరువు తఱిగి, కరుణము బీభత్సములోఁ బడినది. పుణ్యవారపు టూరేగింపులలో రాత్రివేళ వీథులలో మోసికొనిపోవు ప్రతిమలకు దూరమునకుఁ గనఁబడునట్టి గుర్తులు కావలసియుండుట నిజమే. ఊరేగింపునఁ దగినది మందిరములోఁ దగదు. శిరస్సును జేతులను మాత్రమే చెక్కి తక్కిన శరీరమును జట్టముగ విడిచి పట్టుబట్టలు గట్టు ప్రతిమలను గూర్చి యిందుఁ జర్చింపను. వానిది భక్తిచరిత్ర, శిల్పచరిత్ర తక్కువ.

వర్ణము లేకుండుటయే సంయమమని కూడ భ్రమపడరాదు. కోర్దొవా మహాదేవాలయపు గానపీఠములను జూడుఁడు. పూర్వపు మసీదు నడుమఁ గట్టిన యా దేవాలయమున పేద్రో దూకే కోర్నేహో 1748లోఁ బని ప్రారంభించి 1757 వఱకు సాగించి, యా యేఁటనే మరణించి, యచ్చటనే సమాధి పొందెను. అమెరికాఖండమునుండి తెచ్చిన మహాగని కఱ్ఱ. రంగు లేదు. అయినను లతలు, దేవదూతలు, ముఖపట్టములు, కథాఫలకములు నొకదానిమీఁద నొకటి పడి చూపునకు విశ్రాంతి లేదు. పనితన మద్భుతము. ఒక్కొక్క పలకను వేఱుగఁ జూచినచో మెచ్చకుండలేము. మొత్తముమీఁదఁ జూచినపు డేది ముఖ్యమో తెలియని దీర్ఘసమాసమువంటిది. శతాబ్దికి ముందు మాలగాలో నొక్కొక్క పునీతునికి నొక్కొక్క గూడు, గూటిచుట్టు కొంత శూన్యము నుండెను. ఆ శూన్యమును దూకే కోర్నేహో భరింపలేకపోయెను.

ఈ ప్రతిమలపై సరియైన తీర్పు చెప్పుట కష్టమగుటకు వేఱొక కారణమును గలదు. 1835-36 సంవత్సరములలో స్పెయినుప్రభుత్వము మఠములను మూసి వాని యాస్తులను వశపఱచుకొనఁగా వేలకొలఁది ప్రతిమలు తమ స్థానములను గోల్పోయెను. వల్యదొలీదులో వానిలోఁ గొన్ని ప్రదర్శనశాలకుఁ జేరెను; 1933లో నది జాతీయశిల్పశాల యయ్యెను. సాన్ బెనీతో మఠమున 1525-1529 లలో ఆంద్రేస్ ద నాహెరా ప్రభృతులు చెక్కిన గానపీఠములు నేఁ డా శిల్పశాలలో నున్నవి. ఒక్కొక్క పీఠము వెనుక నొక్కొక్క మఠపు రాజముద్ర. ఆ మఠాధిపతి వచ్చి కూర్చుండవలసిన చోటది. గదిలో వెలుతురు సమముగఁ బడుచున్నది. క్రొవ్వొత్తి కదలినప్పుడు కదలుటకై చెక్కిన నీడలు కదలకున్నవి. 2009లో లండను నేషనల్ గ్యాలరీలో స్పెయినువారి చిత్రములను వర్ణప్రతిమలను బ్రక్కప్రక్కల నుంచి ప్రదర్శించిరి. మేనా ఫ్రాన్సిస్ కూడ టొలీడో విడిచి యచ్చటికిఁ బోయెను. చీఁకటిగదులలో నొక్కొక్క దీపముక్రిందఁ బెట్టి చూపుట మేలైన పద్ధతియే. అటుతరువాతనే పలువురు విమర్శకులు వీనిని జిత్రలేఖనముతో సమానముగఁ జర్చింప మొదలిడిరి.

మాలగా పునీతులు మాత్రము తమ పీఠములపైఁ దమ చోటనే నిలిచియున్నారు. అదే నగరమున సాంతో దొమింగో మందిరమున మేనా చెక్కిన యొక సిలువప్రతిమ, వర్ణము గలది, యుండెను. 1931 మే నెలలో నల్లరి మూఁకలు మందిరములను దగులఁబెట్టినప్పు డది నశించెను. దాని పూర్వపు ఛాయాపటములు కొన్ని మిగిలినవి. అవి నలుపుతెలుపులవి. మేనా చెక్కిన శరీరము వానియందు స్పష్టముగఁ గనఁబడుచున్నది; దానికి వేసిన వర్ణ మెట్టిదో తెలియుట లేదు.